పన్నెండడుగుల సెలయేరు

జీలుగువలస ఉన్నత పాఠశాలకి సెలయేరు ఒక బుధవారం నాడు ఆటోలో వచ్చింది.

రేకు పెట్టెలో నాలుగు మడతలు పెట్టి ఉంది. పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నీలం రంగు నూలు దుప్పటి. పెట్టె మూత మీద తెల్ల పెయింటుతో 'సెలయేరు. తడపరాదు' అని రాసి ఉంది. దాంతో పాటు ఒక అట్టపెట్టెలో ప్లాస్టిక్ పూత వేసిన బొమ్మలు వచ్చాయి. చేపలు పన్నెండు, కప్పలు నాలుగు, పీతలు ఎనిమిది. హెడ్మాస్టారు సన్యాసిరావు గారు కళ్లజోడు పెట్టుకుని పీతల కాళ్లు కూడా సరిచూసి, 'సెలయేరు ఒకటి, మంచి స్థితిలో ముట్టినది' అని రాసి సంతకం పెట్టారు.

నిజానికి ఆ బడి వెనక గోడ దాటి పదడుగులు వేస్తే గెడ్డ ఉంది. ఆ వైపు వాగుని గెడ్డ అంటారు. కొండ మీంచి దిగి, బడిని ఆనుకుని, ఊరి పక్కగా పోతుంది. కాకపోతే దానికి పెట్టె లేదు, మూత లేదు, నంబరు అసలే లేదు.

ఆ గెడ్డ సంగతి తొమ్మిదో తరగతి నూకరత్నానికి తెలిసినంతగా బళ్లో ఎవరికీ తెలీదు. రత్నం తల్లి దాలమ్మ ఊరివాళ్ల బట్టలు ఆ గెడ్డ రేవులోనే ఉతుకుతుంది. రత్నం క్లాసులో నోరు విప్పదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తి ఊరుకుంటుంది. ప్రశ్న అడిగితే జడ కొస చూసుకుంటుంది. రాయమంటే మాత్రం రాస్తుంది. అందుకే సైన్సు మాస్టారు పరదేశి గారు ఆ అమ్మాయికి ఒక పని అప్పజెప్పారు. ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఆయన పిల్లల్ని గెడ్డలోకి దింపి, రాళ్లు ఎత్తించి, కింద ఏం బతుకుతున్నాయో లెక్క పెట్టించేవారు. ఆ లెక్క రాసేది రత్నం. మూడేళ్ల శుక్రవారాలు ఆ నోటుబుక్కులో ఉన్నాయి.

మొదటి పేజీల్లో పీతలు పద్నాలుగు, పదకొండు, పదహారు. కిందటేడు పై ఊరి దగ్గర జీడిపిక్కల ఫ్యాక్టరీ పెట్టారు. పిక్కలు ఉడికించిన నీళ్లూ, తొక్కల నూనే కలిసి ఒక లావుపాటి గొట్టంలోంచి గెడ్డలో పడతాయి. ఆ తర్వాతి పేజీల్లో తొమ్మిది, ఐదు, రెండు. నాలుగు నెలలుగా సున్నా. మొదటిసారి సున్నా పెట్టడానికి రత్నానికి చెయ్యి రాలేదు. ఇంకో రాయి, ఇంకో రాయి అంటూ బెల్లు కొట్టేదాకా ఎత్తి చూసింది. తర్వాత పెట్టింది.

జీడి నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. దాలమ్మ అరచేతులు తోలు లేచిపోయి, అన్నం కలపడానికి కూడా పనికిరాకుండా ఉన్నాయి. రత్నమే ముద్దలు కలిపి పెడుతోంది. బట్టల మీద మచ్చలు పడుతున్నాయని కొందరు ఉతుక్కి బట్టలెయ్యడం మానేశారు. మిగిలిన మూటలు మోసుకుని దాలమ్మ మైలు దూరంలో ఉన్న బోరింగు దగ్గరికి పోతోంది. అక్కడ బిందెలతో వచ్చినవాళ్లు ఊరుకోరు.

"తాగే నీళ్లకాడ నీ మురికేటే దాలమ్మా? గెడ్డ లేదేటి నీకు?"

"ఉంది. నువ్వెల్లి ఓసారి ములిగిరా, సూత్తాను" అనేది దాలమ్మ.

పరదేశి మాస్టారు రెండు అర్జీలు పెట్టారు. నీళ్ల నమూనా నిర్ణీత సీసాలో పంపమని ఒక ఆఫీసు జవాబిచ్చింది. నిర్ణీత సీసాల సరఫరా తమ పరిధిలోకి రాదని రెండో ఆఫీసు జవాబిచ్చింది.

అలాంటి సమయంలో ఆయన్ని పది రోజుల శిక్షణకి పిలిచారు. దాని పేరు 'పర్యావరణ, సుస్థిరాభివృద్ధి బోధనలో ఉపాధ్యాయుల వృత్తిపర వికాస కార్యక్రమం'. మాస్టారి ముఖం వెలిగిపోయింది.

"రత్నం, నీ పుస్తకం ఇలా ఇయ్యమ్మా. పర్యావరణం ఆఫీసర్లందరూ అక్కడే ఉంటారు. ఈ సున్నాలు చూస్తే ఊరుకుంటారేటి?"

పది రోజులూ రత్నం దారి చూసింది. పదకొండో రోజు మాస్టారు ఒక ధ్రువపత్రం, ఒక గోనె సంచీ, ఒక లావుపాటి కరదీపికతో తిరిగొచ్చారు. రత్నం వచ్చి ఎదురుగా నిలబడింది, అంతే. మాస్టారు ఆమె వైపు చూడకుండా పుస్తకం తిరిగిచ్చేశారు.

"చూపించానమ్మా. కరదీపికలో లేని సమాచారాన్ని దారితప్పిన సమాచారం అంటారట. మనది అదట."

మరుసటి బుధవారమే సెలయేరు వచ్చింది.

ఆ దుప్పటికి ఒక చరిత్ర ఉంది. మొట్టమొదట రాజధానిలో, పెద్ద హోటల్లో, ఒక పండితుడు రాష్ట్ర స్థాయి వాళ్లకి శిక్షణ ఇచ్చాడు. పిల్లల్ని సెలయేటి దగ్గరికి తీసుకెళ్లి పాఠం ఎలా చెప్పాలో ఆ రోజు చూపించాలి. బయట వాన. అందుకని ఆయన హోటలు మంచం మీది నీలం దుప్పటి తెప్పించి నేల మీద పరిచి, "ప్రస్తుతానికి దీన్నే సెలయేరనుకోండి" అన్నాడు. ఏసీ చల్లదనం పోకుండా కిటికీలు మూయించాడు. మధ్యలో కళ్లజోడు జారిపడితే మోకాళ్ల మీద కూర్చుని నిమిషం సేపు నేల తడిమి, "ఆఁ, దొరికింది" అన్నాడు. మర్యాదకి అందరూ చప్పట్లు కొట్టారు.

రాష్ట్రం వాళ్లు జిల్లా వాళ్లకి నేర్పారు. జిల్లా వాళ్లు మండలం వాళ్లకి నేర్పారు. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు, ఎవరూ ఏదీ వదల్లేదు. 'ప్రస్తుతానికి' అన్న ఒక్క మాట మాత్రం దారిలో ఎక్కడో పడిపోయింది. కరదీపికలో ఇప్పుడు సెలయేటి పాఠానికి ఏడు అంచెలున్నాయి. మొదటి అంచె, కిటికీలు మూయుట. రెండో అంచె, సెలయేరు పరచుట. ఏడో అంచె, ఉపాధ్యాయుడు మోకాళ్ల మీద కూర్చుని నిమిషం సేపు నేలను తడిమి 'ఆఁ, దొరికింది' అనుట, విద్యార్థులు చప్పట్లు కొట్టుట.

"ఏటి దొరికింది సార్?" అని గౌరీశ్వరి అడిగింది. తొమ్మిదో తరగతిలో నోరున్న పిల్ల ఆమె.

"అది కరదీపికలో లేదమ్మా" అన్నారు పరదేశి మాస్టారు.

శుక్రవారం గెడ్డ మానేశారు. ఆ పీరియడ్‌లో పిల్లలు గెడ్డకి వీపు పెట్టి, దుప్పటి చుట్టూ కూర్చున్నారు. కిటికీలు మూశారు కాబట్టి చెమటలు కారాయి. ఆరుగురు పిల్లలు బొమ్మలన్నీ దుప్పటి మీద పెట్టారు, ఇంకో ఆరుగురు లెక్కపెట్టారు.

"పీతలెన్ని?"

"ఎనిమిది సార్!"

జిల్లాలో ప్రతి బడిలోనూ ఎనిమిదే. రిపోర్టులన్నీ ఒకేలా ఉండటం చూసి పై అధికారులు చాలా సంతోషించారు. జిల్లా సెలయేళ్ల ఆరోగ్యం నూటికి నూరు అని ప్రకటించారు.

ఆ సంతోషంలోనే జిల్లా సుస్థిర విద్యా సమన్వయాధికారి చక్రపాణి గారు జీలుగువలస వచ్చారు. జీపు దిగగానే గెడ్డ వైపు నుంచి గాలి కొట్టింది. ఆయన రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమిటీ దుర్వాసన?"

"గెడ్డ సార్. ఫ్యాక్టరీ నీళ్లు..." అని పరదేశి మాస్టారు మొదలుపెట్టారు.

"ఆ కిటికీ మూయండి. సెలయేటి పాఠం జరుగుతుంటే ఇదేమిటి?"

పాఠం అయ్యాక ఆయన ఉపన్యసించారు. "అనుభవాత్మక అభ్యసనం అంటే ప్రకృతిని తరగతి గదిలోకి తేవడం. అంతేగానీ పిల్లల్ని తీసుకెళ్లి ప్రకృతిలో పడెయ్యడం కాదు. ఒక్కో బడి వెనక ఒక్కో వాగు. ఒకదాంట్లో నీళ్లుంటాయి, ఇంకోదాంట్లో ఉండవు. ఇక ఏకరూపత ఎక్కడిది? అందుచేత ఇకపై బడి వెనక ఉన్నదాన్ని పాఠ్యేతర జలప్రవాహంగా పరిగణించాలి. పాఠశాల వేళల్లో దాని వైపు చూడటం క్రమశిక్షణా రాహిత్యం." తర్వాత సెలయేటి రక్షణకి విద్యార్థి దళం ఏర్పాటు చేయించారు. చెప్పులతో సెలయేట్లో కాలు పెట్టినవాళ్లకి అపరాధ పత్రం. సెలయేరు దాటాలంటే హెడ్మాస్టారి లిఖితపూర్వక అనుమతి.

"ఎవరికైనా సందేహాలున్నాయా?"

రత్నం లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలీలేదు. నోటుబుక్కు ముందుకి చాపింది.

చక్రపాణి గారు ఆఖరి పేజీ చూశారు. "పీతలు సున్నానా? ఎనిమిది ఉండాలే!" అని కంగారుపడి అట్టపెట్టె తెప్పించి బొమ్మలు లెక్కపెట్టారు. ఎనిమిదీ ఉన్నాయి. ఆయన ఊపిరి పీల్చుకుని, జేబులోంచి ఆకుపచ్చ సిరా పెన్ను తీసి, రత్నం పెట్టిన సున్నా కొట్టేసి పక్కన '8' వేసి, తారీకు వేసి సంతకం పెట్టారు.

"లెక్కల్లో శ్రద్ధ పెట్టమ్మా" అని పుస్తకం తిరిగిచ్చారు.

ఇంటికెళ్లి రత్నం ఆ పేజీ తల్లికి చూపించింది. దాలమ్మకి చదువు రాదు. ఆకుపచ్చ సిరా చూసి మురిసింది.

"పెద్దాఫీసరు సంతకమే! ఏటని రాసినాడే?"

"గెడ్డలో పీతలున్నాయని రాసినాడమ్మా."

దాలమ్మ కాసేపు తన అరచేతుల వంక చూసుకుంది. "ఉంటే మంచిదే" అంది.

ఇంతలో జీలుగువలస సెలయేరు రాష్ట్ర స్థాయి ఉత్తమ సెలయేరుగా ఎంపికైంది. ఎందుకంటే ఆ బడి వాళ్లు దుప్పటికి మూలల్లో ముడులేసి కొంచెం వంపు కూడా తెచ్చారు. డైరెక్టర్ మేడమ్ రాజధాని నుంచి స్వయంగా చూడటానికి వస్తారని కబురొచ్చింది. హెడ్మాస్టారు పెట్టె తెరిపించి చూసి గుండె పట్టుకున్నారు. ఆర్నెల్లుగా డెబ్బై మంది పిల్లల పాదాల దుమ్ము దాని మీదే ఉంది. ఒక మూల పులిహోర పసుపు కూడా అంటింది.

"సెలయేరు మురికైపోయిందయ్యా పరదేశీ! ఎల్లుండే మేడమ్ వస్తున్నారు. దాలమ్మకి పంపించు, తెల్లగా... అంటే, నీలంగా ఉతికించు."

"తడపరాదని రాసుంది సార్" అన్నారు పరదేశి మాస్టారు.

హెడ్మాస్టారు రెండు నిమిషాలు ఆలోచించారు. "తడపొద్దన్నారు గానీ, ఉతకొద్దనలేదు కదా!"

దుప్పటి మోసుకెళ్తున్న రత్నాన్ని చూసి గౌరీశ్వరి కిసుక్కున నవ్వింది. "ఒసే రత్నం! గెడ్డని ఉతకడానికి పట్టుకెల్తన్నావేటే? పిండి ఆరెయ్యి, బేగి ఆరిపోద్ది!"

ఇంటి దగ్గర దాలమ్మ చేతులకి పసుపూ నూనే రాసుకుని కూర్చుంది. "ఈ సేతుల్తో బోరింగు కొట్టలేనే గుంటా" అంది.

"నానుతుకుతాను. నువ్వు కూకో."

రత్నం దుప్పటి చంకన, పుస్తకాల సంచీ భుజాన పెట్టుకుని బయలుదేరింది. బోరింగు దారి ఎడమకి, గెడ్డ దారి కుడికి. రత్నం మలుపు దగ్గర ఆగింది. చాకలి వాళ్లు ఎవరి బట్టలు ఏవో తెలియడానికి జీడి రసంతోనే గుర్తులు పెడతారు. బట్ట చిరిగినా ఆ గుర్తు పోదు. ఈ సంగతి రత్నానికి బొమ్మలు గీసే వయసు కంటే ముందే తెలుసు. కుడి వైపు నడిచింది. సరిగ్గా గొట్టం కింద, నల్లటి తెట్టె కట్టిన చోట దుప్పటి ముంచి, పైన రాళ్లు పెట్టి, ఒడ్డున కూర్చుని మర్నాటి లెక్కల హోంవర్కు మొత్తం చేసుకుంది. చేతులు పొక్కకుండా కర్రతో బయటికి లాగి, బాగా ఆరబెట్టి, మడత పెట్టి, పెట్టెలో పెట్టేసింది.

మేడమ్ వచ్చిన రోజు షామియానా వేశారు. చక్రపాణి గారు స్వాగతోపన్యాసం చదివారు. "రాష్ట్రానికే తలమానికమైన సెలయేరు!" అని చేత్తో సైగ చేశారు. పరదేశి మాస్టారు, హెడ్మాస్టారు చెరోవైపు పట్టుకుని దుప్పటి విప్పారు.

నీలం దుప్పటి మీద ఈ చివర్నుంచి ఆ చివరికి నల్లగా, గోధుమరంగుగా మచ్చలు. గానుగ వాసన లాంటి ఘాటైన వాసన. మేడమ్ ఒక అడుగు వెనక్కి వేశారు.

"సెలయేరు... కలుషితమైపోయింది!" అని చక్రపాణి గారు కేక పెట్టారు. ఆ మాట ఒక అధికారి నోట ఆ ఊళ్లో వినబడటం అదే మొదలు.

"ఇది రాష్ట్ర స్థాయి సెలయేరు!" అన్నారు మేడమ్. "దీన్ని పాడుచేసిందెవరు?"

"దాలమ్మండి" అన్నారు హెడ్మాస్టారు వెంటనే. "చాకలి దాలమ్మ. నేను అప్పుడే అన్నాను, తడపొద్దని."

దాలమ్మని పిలిపించారు. ఆమె చేతులు చీర కొంగులో దాచుకుని నిలబడింది. పోలీసు కేసు పెడతామన్నారు. ఊరి బట్టలు ఇక ఉతకనిచ్చేది లేదన్నారు. దాలమ్మకి ఏం జరిగిందో అర్థం కాలేదు. "అయ్యా, తెల్దు బాబూ" అని మాత్రం అంటోంది.

"నాను."

ఎవరు మాట్లాడారా అని అందరూ తిరిగి చూశారు. గౌరీశ్వరి అయితే నోరు తెరిచేసింది. ఆరో తరగతి నుంచి కలిసి చదువుతున్నా, రత్నం గొంతు ఎలా ఉంటుందో ఆమెకీ తెలీదు.

"మాయమ్మ కాదండి. నానుతికినాను. గెడ్డలో."

"గెడ్డలో ఉతికితే మచ్చలు పోవాలి గానీ పడటమేమిటి?" అన్నారు చక్రపాణి గారు.

"అందుకే కదండి నాలుగు నెలలు వరసగా సున్నా పెట్టినాను. మీరే కొట్టేసి ఎనిమిదేసినారు."

రత్నం పుస్తకం తీసి మేడమ్ చేతిలో పెట్టింది. మేడమ్ పేజీలు తిప్పారు. మూడేళ్ల లెక్క ఆమెని కదిలించలేదు. ఆకుపచ్చ సిరా దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది.

"చక్రపాణి గారూ, ఇది మీ సంతకమేనా?"

"అవునండి, కానీ అది..."

"అంటే ఈ గెడ్డలో ఎనిమిది పీతలున్నట్టు ప్రభుత్వాధికారి ధ్రువీకరించారు. ఇప్పుడెన్ని ఉన్నాయమ్మా?"

"సున్నా అండి."

మేడమ్ కళ్లు పెద్దవయ్యాయి. "అంటే, ధ్రువీకరణ జరిగిన తర్వాత ఎనిమిది పీతలు మాయమయ్యాయి! ధ్రువీకృత పీతలు!"

గెడ్డలో పీతలు చచ్చిపోతే అది ప్రకృతి. సంతకం పడ్డ పీతలు పోతే అది ప్రభుత్వానికి నష్టం. ఆ తేడా అక్కడున్న ఉద్యోగులందరికీ ఒక్కసారిగా తెలిసింది.

ఆ తర్వాత పనులు ఎంత వేగంగా జరిగాయో చెప్పలేం. సాయంత్రానికి త్రిసభ్య సంఘం వేశారు. సంఘం దుప్పటి పట్టుకుని గెడ్డ ఒడ్డున ఎగువకి నడిచి, అరగంటలో గొట్టం దగ్గరికి చేరింది. నమూనాకి నిర్ణీత సీసా అవసరం పడలేదు. పన్నెండడుగుల నమూనా చేతిలోనే ఉంది. మూడో రోజున గొట్టానికి సీలు వేశారు. ఉత్తర్వులో ఇలా ఉంది: 'బోధనోపకరణమగు సెలయేటికి కలిగించిన నష్టము మరియు ధ్రువీకృత పీతలు ఎనిమిది అదృశ్యమగుటకు కారణమైనందున, సదరు పీతలు ఎనిమిదియు తిరిగి లభ్యమగు వరకు గొట్టము తెరువరాదు.' గెడ్డ నీళ్ల గురించి, ఆ నీళ్లలో చేతులు పెట్టే మనుషుల గురించి అందులో ఒక్క ముక్క లేదు. దాలమ్మ మీద కేసు లేదు. రత్నానికి మాత్రం సెలయేటిని అనుమతి లేకుండా గెడ్డతో కలిపినందుకు అపరాధ పత్రం ఇచ్చారు. దాన్ని ఆమె నోటుబుక్కు అట్ట లోపల అంటించుకుంది.

పీతల లెక్క చూడాలి కాబట్టి శుక్రవారం గెడ్డ మళ్లీ పాఠ్యాంశమైంది.

వర్షాలు పడ్డాయి. తెట్టె కొట్టుకుపోయింది. దాలమ్మ చేతులకి కొత్త తోలు వచ్చింది. మూటలు గెడ్డకి తిరిగొచ్చాయి. రత్నం పుస్తకంలో ఒక శుక్రవారం ఒకటి, దసరా సెలవుల తర్వాత మూడు, ఆ పైన ఐదు.

నిజం చెప్పాలంటే, పీతలు పెరుగుతున్నాయన్న వార్తకి రత్నం కంటే ఎక్కువ సంతోషించినవాడు ఫ్యాక్టరీ మేనేజరు. మాఘ మాసంలో ఆయన చక్రపాణి గారిని వెంటబెట్టుకుని, సీలు విప్పే కత్తెర జేబులో పెట్టుకుని వచ్చాడు.

పిల్లలు గెడ్డలో దిగారు. రాళ్లు ఎత్తారు. మేనేజరు ఒడ్డు మీద నిలబడి వేళ్లు మడుస్తున్నాడు.

"ఒకటి... రెండు... నాలుగు... ఆరు... ఏడు! ఇంకొక్కటి చూడండర్రా!"

రత్నం కాలి పక్క రాయి కిందనుంచి ఎనిమిదోది బయటికొచ్చింది. బొటనవేలంత ఉంది. ఎండకి కళ్లు ఆర్పుతూ నడుచుకుంటూ పరదేశి మాస్టారి ముందుకి పోయింది. రత్నం చూసింది. మాస్టారు చూశారు. గౌరీశ్వరి కూడా చూసింది, కానీ ఆ నోరున్న పిల్ల ఆ పూట నోరెత్తలేదు. మూడేళ్లుగా ఒక్క అంకె కూడా తప్పు వెయ్యని రత్నం పెన్ను పుస్తకం మీద ఆనించి ఆగింది.

"ఏం పరదేశి గారూ, ఉందా?" అన్నారు చక్రపాణి గారు ఒడ్డు మీంచి.

"ఒక్క నిమిషం సార్. ఏడో అంచె మిగిలిపోయింది."

పరదేశి మాస్టారు కరదీపికలో ఉన్నట్టే నీళ్లలో మోకాళ్ల మీద కూర్చున్నారు. అరచెయ్యి బోర్లించి పీత మీద మెల్లగా మూశారు. రెండో చేత్తో నిమిషం సేపు, చాలా శ్రద్ధగా, నేలంతా తడిమారు. తర్వాత తలెత్తి రత్నం వైపు చూశారు.

"ఊహూఁ," అన్నారు. "దొరకలేదు."

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. రత్నం పుస్తకంలో ఏడు అని రాసి, సంతకం కోసం చక్రపాణి గారికి అందించింది. ఆయన ఆకుపచ్చ సిరాతో పెట్టారు.